ఆరేళ్లు వాడిన కట్టెల గొడ్డలి: మార్చుకునే వీలు లేని కామ

ఈ గొడ్డలిని నేను 2019 జనవరిలో ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. కొన్న మూడు నెలలకే దీని కామను, అంటే చేత్తో పట్టుకునే పిడిని, మెచ్చుకుంటూ అమ్మకందారు పేజీలో పెద్ద అభిప్రాయమే రాశాను. ఇలాంటి కామ ఉంటే జీవితాంతం దాని సంగతి చూసుకోనక్కర లేదని కూడా అందులో అన్నాను. ఆ మాట నమ్మి మా ఊళ్లో ఇద్దరు, సోంపేటలో నాతో కలిసి పనిచేసిన ఒక మాస్టారు ఇదే గొడ్డలి కొన్నారు. ఆ తరువాత జరిగినది కూడా అంతే వివరంగా చెప్పవలసిన బాధ్యత నాకు ఉంది. ధర, పొడవు వంటివి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. చెట్లు నరికే పలచటి గొడ్డలి కాదని, దుంగలు చీల్చడానికి మందమైన తల, ఫైబర్‌గ్లాస్ కామ ఉన్న గొడ్డలి అని తెలిస్తే చాలు.

మాది ఉద్దానం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాసకు దగ్గరలో తీరం దాటినప్పుడు గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. మా ఇంటి వెనుక ఎకరంన్నర తోటలో ఇరవై మూడు కొబ్బరి చెట్లు, తొమ్మిది జీడి చెట్లు, మా నాన్నగారు నాటిన పనస చెట్టు ఆ ఒక్క పూటలో పోయాయి. మిషను రంపాల వాళ్లు వచ్చి మానులు కోసుకుపోయారు గానీ మొదళ్లను ముట్టుకోలేదు, ఎందుకంటే మట్టి అంటిన చెక్క మీద రంపపు గొలుసు నిమిషాల్లో మొద్దుబారిపోతుంది. మొదళ్లను అలాగే వదిలేయడానికి మాకు వీలు లేదు. కుళ్లిన కొబ్బరి మొదళ్లలోనే కొమ్ము పురుగు గుడ్లు పెట్టి పెరుగుతుంది, అక్కడి నుంచి బతికి ఉన్న చెట్ల మొవ్వులోకి దూరుతుంది. తుఫాను మిగిల్చిన పాతిక చెట్లను మరుసటి ఏడాది పురుగుకు అప్పగించకూడదంటే మొదళ్లు తీసి తీరాలి. నేను గొడ్డలి కొన్నది అందుకోసమే.

కొబ్బరి మొదలుకు ఈ గొడ్డలి పనికిరాదని మొదటి వారంలోనే అర్థమైంది. కొబ్బరికి తల్లివేరు ఉండదు. మొదలు చుట్టూ చిటికెన వేలంత లావున్న వేళ్లు వేల సంఖ్యలో పరుచుకుని ఉంటాయి. చుట్టూ గాడి తవ్వి, వాటిని పలుగుతో తెంపుకుంటూ పోయి, చివరికి ఇద్దరు మనుషులు రెండు గునపాలతో ఎత్తితే మా ఇసుక నేలలో మొదలు లేచి వస్తుంది. అలా లేచిన దానిని చీల్చబోతే మాత్రం గొడ్డలి తల నారలో కూరుకుపోయి కదలదు, ఎందుకంటే కొబ్బరి మానులో పొడవాటి నార కట్టలే గాని, జీడిలోనో పనసలోనో ఉన్నట్టు దెబ్బకు విడిపోయే చేవ, వలయాలు ఉండవు. కొబ్బరి మొదళ్లను ముక్కలుగా కోయించి, ఎండబెట్టి కాల్చేశాం. ఇది గొడ్డలి లోపం కాదు. అయినా కొబ్బరి తోటలవాళ్లు కొనేముందు ఈ విషయం తెలుసుకోవాలి.

జీడి, పనస, మామిడి, సరుగుడు దుంగల దగ్గర ఇది చేసిన పని వేరు. మందమైన తల కాబట్టి చెక్కను కోసుకుంటూ పోదు, పక్కలకు తోసి విడదీస్తుంది. పెద్ద దుంగను నడిమధ్య కొట్టకూడదని, ఎండిన పగులు ఏ వైపు సాగిందో చూసి ఆ గీత వెంట అంచు నుంచి కొట్టుకుంటూ రావాలని ఈ గొడ్డలితోనే నాకు చేతికి పట్టుబడింది. అడుగున్నర వెడల్పున్న పనస దుంగ అంచు నుంచి ఆరేడు దెబ్బల్లో పేళ్లుగా విడిపోయేది. సరుగుడయితే ఒక్కొక్కసారి ఒకే దెబ్బకు రెండయ్యేది, ఆ చప్పుడు కోసమే మా మనవడు వచ్చి దూరంగా గట్టు మీద కూర్చునేవాడు.

నన్ను అన్నిటికంటే సంతోషపెట్టినది కామ. మా ఇంట్లో అంతకుముందు ఉన్నది ఊరి కమ్మరి చేసిన గొడ్డలి, దానికి నల్లతుమ్మ కామ. కర్ర కామలకు ఉన్న బాధ పల్లెల్లో అందరికీ తెలుసు. చైత్ర వైశాఖాల్లో కర్ర ఎండి సన్నబడి తల వదులవుతుంది. రాత్రి తలను నీళ్ల బకెట్లో ముంచి ఉంచితే కర్ర ఉబ్బి బిగుస్తుంది, పొద్దున్న పనికి సరిపోతుంది, కానీ ఎండగానే మునుపటికన్నా ఎక్కువ వదులవుతుంది. ఊడిన తల ఎగిరిపడి కాలు పోగొట్టుకున్న మనిషిని నా చిన్నతనంలో చూశాను. ఆ భయం నాకు ఎప్పుడూ ఉంది. ఫైబర్ కామతో ఆ భయం ఒక్కసారిగా పోయింది. నాలుగు వేసవులు గడిచినా తల ఒక్క నూలు కూడా కదలలేదు. వానలో తడిసినా ఉబ్బలేదు, చెదలు పట్టలేదు, దెబ్బ అదురు అరచేతికి తక్కువగా వచ్చేది. 2019లో నేను రాసిన మెచ్చుకోలు అంతా దీని గురించే. అందులో అబద్ధం ఏమీ లేదు, కానీ మూడు నెలల వాడకంతో జీవితాంతం అనే మాట వాడి ఉండవలసింది కాదు.

మూడో ఏడు దాటాక కామ రంగు వెలిసింది. నేను గొడ్డలిని పడమటి వసారాలో గోడకు ఆనించి పెట్టేవాడిని, అక్కడ మధ్యాహ్నం నుంచి ఎండ పడుతుంది. కొన్నాళ్లకు కామ మీద చెయ్యి వేస్తే సన్నటి గాజు నూగు గుచ్చుకుని అరచేతులు రెండు రోజులు దురదపెట్టేవి. ఎండకు పై పూత పోయి లోపలి గాజు పోగులు బయటపడుతున్నాయని తరువాత తెలుసుకున్నాను. గుడ్డ చుట్టి వాడుకున్నాను, పెద్ద ఇబ్బందిగా అనిపించలేదు. అప్పుడే దానిని నీడన పెట్టి ఉండవలసింది.

అసలు దెబ్బ 2023 మార్గశిరంలో తగిలింది. మా తమ్ముడి కూతురి పెళ్లికి ఊళ్లోనే వంటలు. అన్నం, పప్పు, సాంబారు గాడిపొయ్యి మీదే వండుతామని వంటవాళ్లు ముందే చెప్పారు, ఎండిన జీడి, పనస కట్టెలు రెండు బళ్లకు తగ్గకుండా కావాలన్నారు. ఎండిన పేళ్లు ఒక బండికి సరిపడా నా దగ్గర ఉన్నాయి. మిగతాదానికి తోట మూలన ఉన్న పాత పనస మొదలు మీద ఆశ పెట్టుకున్నాను. అది తిత్లీలో పడిన చెట్టుదే. ఐదేళ్లు నేలలో నిలబడి ఎండింది, పై భాగం బెండులా అయినా లోపలి చేవ పసుపు రంగులో ఇనుములా ఉంది. దానిని పూర్తిగా తవ్వి తీసే వ్యవధి లేదు కాబట్టి, నేలలో ఉండగానే అంచుల నుంచి పొరలు పొరలుగా చీల్చుకుంటూ లోపలికి వస్తున్నాను.

నేలలో ఉన్న మొదలును చీల్చేటప్పుడు, మొద్దు మీద నిలబెట్టిన దుంగను చీల్చేటప్పుడు లేని ఇబ్బంది ఒకటి ఉంది. మొదలు మోకాలి ఎత్తున ఉంటుంది, మధ్యలో పక్కవేళ్లు అడ్డుపడతాయి, నిలబడే చోటు సమంగా ఉండదు. దెబ్బ ఒక జానెడు ముందుకు పోయిందంటే తల అవతల గాలిలో పడుతుంది, కామ వచ్చి మొదలు అంచుకు తగులుతుంది. ఐదేళ్లలో అలాంటి దెబ్బలు ఎన్ని తగిలాయో లెక్కపెట్టలేదు గాని, తలకు రెండు అంగుళాల కింద కామ చుట్టూ తెల్లటి గాయం ఒకటి ఎప్పటి నుంచో ఉంది. కర్ర కామయితే అక్కడ పేళ్లు లేచి, మార్చవలసిన సమయం వచ్చిందని చెప్పేది. ఇది పైకి గట్టిగానే కనిపించింది. ఆ రోజు సాయంత్రం ఒక దెబ్బ అంచు దాటిపోయింది, పొడి కొమ్మ విరిగినట్టు చప్పుడయింది, తల మొదలు అవతల ఇసుకలో పడింది, నా చేతిలో కామ చీపురు కట్టలా పోగులు పోగులుగా విచ్చుకుని మిగిలింది. అదృష్టవశాత్తు అటువైపు ఎవరూ లేరు. మనవడు ఎప్పుడూ కూర్చునే గట్టు వైపు పడి ఉంటే ఏమయ్యేదో ఆ రాత్రంతా తలచుకుంటూనే ఉన్నాను.

విరగడం మీద నాకు కోపం లేదు. కామ అన్నాక విరుగుతుంది, అందులో నా తప్పు దెబ్బల పాలు ఉంది, ఎండ పాలు ఉంది. నా కోపమంతా ఆ తరువాతి సంగతి మీద. మరుసటి పొద్దున్నే తలను మా కమ్మరి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన దానిని చేతిలో తూచి చూసి, ఇనుము మంచిదని మెచ్చుకున్నాడు, తలలో కామ దూరే కన్నంలోకి వేలు పెట్టి చూశాడు, ముఖం మారిపోయింది.

"ఇదేటి మాస్టారూ, కన్నం నిండా బంక పోసీసినారు. కొలిమిలో ఎట్టినామంటే బంక కాలిపోద్ది గానీ, అంచు కూడా మెత్తబడిపోద్ది. ఆ పని నాను చెయ్యను" అన్నాడు.

ఆయన మాట నిజం. ఎర్రగా కాల్చి, ముంచి గట్టిపరచిన ఉక్కును మళ్ళీ నీలి రంగు తిరిగేదాకా వేడి చేస్తే ఆ గట్టిదనం తగ్గిపోతుంది. కంపెనీవాళ్లు కామను కన్నంలో దూర్చి చుట్టూ ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు పోసి బిగించారు. నాలుగేళ్లు తల కదలకపోవడానికి కారణం అదే, విరిగాక మరో కామ పెట్టుకోలేకపోవడానికి కారణమూ అదే. నేను మూడు నెలలకు మెచ్చుకున్న గుణమే ఐదో ఏట నా పని ఆపింది.

అమ్మినవాళ్లకు ఫోటోలతో రాశాను. విడి కామలు అమ్మబోమని, కామ విరిగితే గొడ్డలి మొత్తం కొత్తది కొనుక్కోవలసిందేనని రెండు వాక్యాల్లో జవాబు వచ్చింది. రెండున్నర కిలోల పైన ఉన్న మంచి ఉక్కును, దాని అంచు ఇంకా పదునుగా ఉండగా, చెత్తలో వేయమని ఎవరైనా ఎలా చెప్పగలరో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మా ఇంట్లో కమ్మరి చేసిన గొడ్డలి తల మా తాతగారి కాలానిది, దానికి నాకు తెలిసి పదికి పైగా కామలు మారాయి. అలా కామలు మార్చుకోవడానికే నేను అలవాటుపడి ఉన్నాను కాబట్టి, కామ మార్చడానికి వీలవుతుందా అన్న ప్రశ్న కొనేముందు నాకు తోచనేలేదు.

పెళ్లి కట్టెలు ఆ పాత గొడ్డలితోనే, ఇనుప మేకులు దిగగొట్టి సమ్మెటతో, ఇద్దరు కుర్రాళ్ల సాయంతో చీల్పించాం. కామ విరిగిన గొడ్డలి తలను మాత్రం వదులుకోలేకపోయాను. కంచిలిలో వెల్డింగు షాపు నడిపే కుర్రాడు డ్రిల్లుతో ఎపాక్సీలో పక్కపక్కనే తూట్లు పొడిచి, మధ్యమధ్య నీళ్లు పోసి చల్లారుస్తూ, చివరికి ఉలితో తన్ని మొత్తం బయటికి తీశాడు. దానికి ఒక పూటంతా పట్టింది. తరువాత కమ్మరి తుమ్మ కామ చెక్కి దూర్చి, పైన చీల కొట్టి బిగించాడు.

ఇంతటితో అంతా సరిపోయిందని చెప్పలేను. కర్ర కామ కోసం చేసే గొడ్డలికి కన్నం పై వైపు కొంచెం వెడల్పుగా ఉంటుంది, చీల కొట్టినప్పుడు కర్ర అక్కడ విచ్చుకుని తల కదలకుండా పట్టుకుంటుంది. ఈ తలకు కన్నం పైనుంచి కిందిదాకా ఒకటే వెడల్పు, ఎపాక్సీ మీద ఆధారపడి చేసినది కాబట్టి. అందువల్ల ఎంత బిగించినా నెల, నెలన్నరకు వదులవుతుంది, మళ్ళీ చీల కొట్టించాలి. ప్రతి పొద్దు పని మొదలుపెట్టే ముందు తలను నేలకు తట్టి చూసుకుంటున్నాను. తుమ్మ కామతో అదురు ఎక్కువగా తెలుస్తోంది, ఒక గంట పని చేస్తే కుడి భుజం మరుసటి రోజు గుర్తు చేస్తుంది. నాకు అరవై నాలుగేళ్లు, ఆ నొప్పిలో కామ పాలు ఎంతో, వయసు పాలు ఎంతో విడదీసి చెప్పలేను.

నన్ను చూసి కొన్న ముగ్గురిలో ఇద్దరి కామలు ఇప్పటికీ బాగున్నాయి. వాళ్లు నేలలోని మొదళ్ల జోలికి పోరు, మొద్దు మీద నిలబెట్టిన దుంగలే చీలుస్తారు, పని అయ్యాక లోపల పెడతారు. మూడో ఆయన కామ మీద కూడా తెల్ల గాయం కనిపించింది, కామకు తల కింద జానెడు మేర పాత సైకిలు ట్యూబు గట్టిగా చుట్టుకోమని చెప్పాను. నేను మొదట్లోనే అలా చేసి ఉంటే నా కామ ఇంకొన్నాళ్లు ఉండేదనుకుంటాను.

పట్నంలో ఇల్లు ఉండి, ఏడాదికి నాలుగు దుంగలు కాగు కింద పెట్టుకోవడానికి చీల్చుకునేవారికి, దగ్గరలో కమ్మరి లేనివారికి ఈ గొడ్డలి బాగానే పనికొస్తుంది; తల వదులయ్యే భయం లేకపోవడం చిన్న సుఖం కాదు. నాలాగా తోటలో మొదళ్లు తీసేవారు, ఊళ్లో కామ చెక్కే మనిషి ఉన్నవారు మాత్రం కొనేముందు కన్నం లోపల ఏముందో ఒకసారి చూడాలి, విడి కామ దొరుకుతుందో లేదో అడగాలి. నా తోటలో ఇంకా మూడు జీడి మొదళ్లు మిగిలి ఉన్నాయి. వాటిని సంక్రాంతి దాటాక పాత గొడ్డలితోనే మొదలుపెడతాను. ఈ తలను ఎండిన సరుగుడు చీల్చడానికి ఉంచుకున్నాను, దానికి ఇప్పటికీ ఇంతకంటే మంచిది నేను వాడలేదు.