ఎంబీఏలో ఏఐ: విడి పేపరా, ప్రతి సబ్జెక్టులోనా?

ఐసెట్ ర్యాంకులు వచ్చినప్పటి నుంచి నన్ను అందరూ ఇదే అడుగుతున్నారు. మార్కెటింగ్ చదవాలంటే ఏఐకి విడిగా పేపరు పెట్టిన కాలేజీ మేలా, అన్ని సబ్జెక్టుల్లో కలిపి చెప్పేది మేలా? హైదరాబాద్‌లో నేను రెండు పద్ధతుల్లోనూ పాఠం చెప్పాను.

విడి పేపరుతో పునాది గట్టిపడుతుంది. రిగ్రెషన్ (కొన్ని అంకెలను బట్టి మరో అంకెను అంచనా వేయడం), క్లస్టరింగ్ (ఒకేలాంటి వాళ్లను గుంపులుగా విడదీయడం) ఒక వరుసలో వస్తాయి. వంద మంది కస్టమర్లలో దూరమయ్యేది ఒక్కరే అయితే, ‘ఎవరూ పోరు’ అని చెప్పే మోడల్ కూడా 99 శాతం సరైనదే అవుతుంది. ఆ అంకెను చూసి మోసపోకూడదని నేర్పడానికి తీరిక దొరికేది అక్కడే.

అయినా నాకు ముఖ్యమైనది ఒక్కటే: యంత్రం తప్పు చెబితే విద్యార్థి పట్టుకోగలగాలి. అమ్మే సరుకు, కొనే మనిషి తెలియనిదే అది సాధ్యం కాదు.

పోయిన ఏడాది, ఏఐని కలిపి చెప్పిన వినియోగదారుల ప్రవర్తన క్లాసుకు ఒక అమ్మాయి లాడ్ బజార్‌లోని గాజుల దుకాణం బిల్లులు తెచ్చింది. ముందు పేర్లు, ఫోను నంబర్లు తీసేయించాను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పాఠం అలా మొదలైంది. చివరిగా ఎప్పుడు కొన్నారు, ఎన్నిసార్లు, ఎంతకు అన్న లెక్కలతో ఏఐ నాలుగు గుంపులు చేసింది. తరచుగా, పెద్ద మొత్తాల్లో కొనేవారికి ‘ఫ్యాషన్ మీద మక్కువున్న యువతులు’ అని పేరు పెట్టి, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటన కూడా రాసిచ్చింది. చదివితే ముచ్చటేసింది. ఆ అమ్మాయి మాత్రం బిల్లులు తిరగేసింది. ఒకే డిజైను, 2-4, 2-6, 2-8 సైజుల్లో డజన్ల కొద్దీ! ‘ఒకే చేతికి మూడు సైజులు ఎలా సరిపోతాయి సార్?’ అంది. దుకాణంలో అడిగితే తేలింది, వాళ్లంతా జిల్లాల నుంచి వచ్చే చిల్లర వ్యాపారులు. వాళ్లు కోరేది అరువు గడువు, పగిలిన గాజులకు మార్పిడి.

విడి పేపరులో ఇదే క్లస్టరింగ్‌ను రెడీమేడ్ విదేశీ డేటాతో చేయించాను. మార్కులు బాగా వచ్చాయి. గుంపుల పేర్లను ఒక్కరూ ప్రశ్నించలేదు. ఆ కస్టమర్లెవరో వాళ్లకు తెలిస్తే కదా!

వారాంతపు వర్క్‌షాపులు, ఆన్‌లైన్ సర్టిఫికెట్లు పనిముట్టును పరిచయం చేస్తాయి, అంతే.

నేనైతే కలిపి చెప్పే కాలేజీలోనే చేరమంటాను, మొదటి సెమిస్టరులో స్టాటిస్టిక్స్ గట్టిగా చెబుతుంటే. లెక్చరర్ సిద్ధపడకపోతే ఈ పద్ధతిలోనూ చదువు చాట్‌జీపీటీతో ప్రకటనలు రాయించడం దగ్గరే ఆగిపోతుంది. అందుకే చేరేముందు సీనియర్లను రెండు మాటలు అడగండి: ప్రాజెక్టుకు డేటా ఎక్కడ నుంచి తెచ్చారు? ఏఐ ఇచ్చిన జవాబు మీద వైవాలో ఎంతసేపు నిలదీశారు?