ఎక్స్‌పాన్షన్ బాక్సుకి పొడుగు వైరు కుదరదు: మరి రాగి జతలా, ఫైబరా, ఏది మేలు?

పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ. గేటు పక్కన ఆఫీసు, అందులో ఈపీఏబీఎక్స్, అంటే లోపలి ఫోన్లన్నిటినీ కలిపే మిషను. గ్రేడింగ్ కోసం కట్టిన కొత్త షెడ్డు అక్కడికి 160 మీటర్లు. బట్టీలను తప్పించి గోడ వారగా టేపు పట్టి కొలిచిన లెక్క ఇది. షెడ్డులో 14 ఫోన్లు కావాలి. పాత మిషన్లో పోర్టులు నిండిపోవడంతో, వాటిని పెంచే ఎక్స్‌పాన్షన్ బాక్సు ముందే కొనేశారు. యజమాని అడిగింది ఒక్కటే.

"ఈ బాక్సు ఆ షెడ్డులోనే పెట్టేసి, మధ్యలో ఒక్క వైరు లాగేస్తే అయిపోదేటి బాబూ?"

అవదండి. చాలామందికి ఇక్కడే పొరపాటు జరుగుతుంది, తప్పు వాళ్లది కూడా కాదు. బాక్సుతో వచ్చే కేబుల్ చివర నెట్‌వర్క్ వైరుకి ఉండే ప్లగ్గే ఉంటుంది. చూడగానే 100 మీటర్ల దాకా లాగొచ్చు అనిపిస్తుంది. ప్లగ్గు ఆకారం ఒకటే, లోపల నడిచేది వేరు. ఉదాహరణకి అవాయా కంపెనీ మిషను ఐపీ ఆఫీస్‌లో ఎక్స్‌పాన్షన్ మాడ్యూల్‌తో ఇచ్చే నీలం కేబుల్ పొడవు 1 మీటరు. 4 పోర్టుల ఎక్స్‌పాన్షన్ కార్డుతో వచ్చే పసుపు కేబుల్ 2 మీటర్లు. అంటే రెండు పెట్టెలూ ఒకే ర్యాకులోనో, పక్కపక్కనే ఒకే గోడకో ఉండాలనే ఉద్దేశంతో చేసినవి. మిగతా కంపెనీలవీ ఎక్కువగా ఇలాంటివే. ఎంత పొడవో మీ మిషను పుస్తకంలో చూడండి, అందాజు వద్దు.

ఎందుకింత పొట్టి? ఫోన్లో ఒక్కో గొంతు సెకనుకి 8,000 ముక్కలుగా వెళ్తుంది. 32 గొంతులు ఒకే తీగ మీద వంతులవారీగా వెళ్తే ఒక్కో బిట్టుకి దక్కే సమయం అర మైక్రోసెకను కూడా ఉండదు. రాగిలో సంకేతం మీటరు దాటడానికి దాదాపు 5 నానోసెకన్లు పడుతుంది. 160 మీటర్లు వెళ్లి రావాలంటే 1.6 మైక్రోసెకన్లు, అంటే మూడు బిట్ల ఆలస్యం. రెండు పెట్టెలు ఒకే గడియారం తాళానికి నడవాల్సిన చోట అది పెద్ద తేడా. పైగా రెండు భవనాలకీ ఎర్తింగ్ వేరు. ఆ తేడా కరెంటు మన సన్నటి కేబుల్లోంచే దారి చూసుకుంటుంది.

బొబ్బిలి వైపు ఒక ఆఫీసులో ఎవరో కప్లర్ (రెండు వైర్లని కలిపే ముక్క) పెట్టి ఈ కేబుల్‌ని పక్క గదిదాకా పొడిగించారు. పూర్తిగా చచ్చిపోయి ఉంటే నయం. రోజంతా బాగానే ఉండేది, సాయంత్రం ఒక్కసారిగా ఆ బాక్సు ఫోన్లన్నీ మూగబోయేవి, రెండు నిమిషాలకి మళ్లీ లేచేవి. నెలరోజులు ఫోన్లు మార్చారు, కార్డు మార్చారు. నేను వెళ్లి చేసిందల్లా కప్లర్ పీకి, బాక్సుని మళ్లీ మిషను పక్కకి తేవడమే.

కాబట్టి దూరాన్ని పెట్టెల మధ్య పెట్టకూడదు, పెట్టె నుంచి ఫోన్‌కి వెళ్లే దారిలో పెట్టాలి. దానికి దారులు రెండు.

మొదటిది పాత పద్ధతి. బాక్సు ఆఫీసులోనే ఉంటుంది. దాని నుంచి ఫోన్ వైర్లన్నీ కలిసే పెట్టెకి, అంటే ఎండీఎఫ్‌కి, అక్కడి నుంచి షెడ్డుకి 20 పెయిర్ల (జతల) జెల్లీ ఫిల్డ్ కేబుల్, అంటే తడి చేరకుండా లోపల జెల్లీ నింపింది. మామూలు ఫోన్లకి 160 మీటర్లు లెక్కలోకే రాదు. 0.5 మిల్లీమీటర్ల రాగి జతకి కిలోమీటరు లూప్ (వెళ్లి వచ్చే రెండు తీగల) నిరోధం దాదాపు 176 ఓములు, మన దూరానికి 28. మిషన్లు ఒప్పుకునే హద్దు మామూలుగా వందల ఓముల్లో ఉంటుంది. డిజిటల్ కీ ఫోన్లకి హద్దు ఇంకా తక్కువ, వాటికి మాత్రం పుస్తకం చూసే లాగాలి.

ఇందులో నాకు బాగా నచ్చేది వేరే ఉంది. ఫోన్‌కి కరెంటు కూడా ఆ జతలోంచే వెళ్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఆఫీసులో ఒక్క జనరేటర్ తిరిగితే షెడ్డులో ఫోన్ కూడా మోగుతుంది. కాకపోతే స్తంభాల మీద లాగకూడదు, ఒక్క కొబ్బరి చెట్టు పడితే చాలు. పైపులో భూమిలోంచే వెయ్యాలి. భూమిలో వేసినా రాగి రాగే, దగ్గర్లో పిడుగు పడితే సర్జ్ (ఒక్కసారిగా ఎగిసే కరెంటు) లోపలికి వస్తుంది. రెండు చివర్లా జతలు బిగించే క్రోన్ మాడ్యూళ్లలో సర్జ్ ప్రొటెక్టర్లు, వాటికి సరైన ఎర్తు ఉండాల్సిందే. ఈ ఖర్చు దగ్గరే అందరూ చెయ్యి వెనక్కి తీస్తారు.

రెండోది ఫైబర్. నెట్‌వర్క్ వైరు హద్దు 100 మీటర్లు, ప్యాచ్ కార్డులతో కలిపి. మన షెడ్డు దానికి అందదు, ఫైబరే గతి. సింగిల్ మోడ్ ఫైబర్‌కి 160 మీటర్లు ఆటలాంటిది, కిలోమీటర్లు వెళ్తుంది. ఉక్కు కవచం లేని రకం తీసుకుంటే పిడుగు భయం ఆ దారిలో ఉండదు. అవతల నెట్‌వర్క్ స్విచ్చు, నెట్‌వర్క్ మీద నడిచే ఐపీ ఫోన్లు, లేదా మామూలు ఫోన్లే ఉంచుకోవాలంటే వాటిని నెట్‌వర్క్‌కి కలిపే ఒక గేట్‌వే. చిక్కేమిటంటే షెడ్డులో వీటికి వేరే యూపీఎస్ కావాలి, జీడి తొక్కుల పొగా దుమ్మూ పడకుండా మూసిన ర్యాకు కావాలి. మిషనుకి ఐపీ లైసెన్సులు ఉన్నాయో లేదో చూడాలి. కొన్న ఎక్స్‌పాన్షన్ బాక్సు అటకెక్కుతుంది.

కొత్తగా కడుతున్నవాళ్లు, ఆ బ్లాకులో ఎలాగూ కంప్యూటర్లు, సీసీ కెమెరాలు పెట్టేవాళ్లు ఫైబరే వేసుకోవాలి, ఇందులో నాకు రెండో మాట లేదు. ఫోన్లు తప్ప ఇంకేమీ వద్దనుకుని, బాక్సు కూడా కొనేసుంటే రాగి జతలే మేలు. మధ్యలో స్విచ్చు పెట్టి నెట్‌వర్క్ వైరుని రెండు ముక్కలుగా లాగమనేవాళ్లు కూడా ఉంటారు. బట్టీ పక్కన స్విచ్చు ఎన్నాళ్లు బతుకుతుందో వాళ్లే చెప్పాలి.

యజమాని కాసేపు ఆలోచించి, "కెమెరాలు వచ్చే ఏడు పెడతాం" అన్నారు. అయితే కాలువ ఒక్కసారే తవ్వించండి అన్నాను. 20 పెయిర్ల కేబుల్ ఒక పైపులో వేశాం, పక్కనే ఖాళీ పైపు ఒకటి, లోపల లాగుడు తాడుతో సహా వదిలేశాం. బాక్సు ఆఫీసు గోడకే బిగించాం, పాత మిషనుకి అడుగు దూరంలో.