ఇంక్‌స్కేప్‌లో క్రేన్ల బొమ్మలు: పదేళ్ల వాడకం తరువాత

బరువులెత్తే పనిలో ఉండే రిగ్గర్లకూ, క్రేన్ ఆపరేటరుకు సైగ చేసేవారికీ భద్రతా పాఠాలు చెప్పడానికి బొమ్మలు అవసరమై, 2015లో ఇంక్‌స్కేప్ 0.91 వెర్షన్‌తో మొదలుపెట్టాను. నేటికీ ఇంక్‌స్కేప్‌తోనే గీస్తున్నాను. ఇది ఉచిత వెక్టర్ సాఫ్ట్‌వేర్ (ఎంత పెద్దది చేసినా బొమ్మ మసకబారదు) కాబట్టి చేతికిచ్చే కాగితానికీ షెడ్డు గోడమీది బోర్డుకూ ఒకే ఫైలు సరిపోతుంది.

విడదీసి చూస్తే క్రేన్‌లో ఉన్నవి దీర్ఘచతురస్రాలు, వృత్తాలు, త్రిభుజాలే. షెడ్డులో తలపైన నడిచే ఈఓటీ (విద్యుత్ ఓవర్‌హెడ్) క్రేన్‌కు పొడవాటి దీర్ఘచతురస్రం గర్డరు అనే అడ్డ దూలం, దానిపై చిన్నది ట్రాలీ, వృత్తాలు చక్రాలు, నిలువు గీతలు వైర్ రోప్ అనే ఉక్కు తాడు. జాలీ బూమ్‌కు, అంటే కడ్డీల అల్లికతో చేసిన క్రేన్ పొడవాటి చేతికి మాత్రం ఒక్క త్రిభుజం గీసి, దాని నకళ్లను వరుసగా అతికించాలి. మూడు కడ్డీలను పిన్నులతో కలిపితే ఆకారం మారదు, నాలుగింటిని కలిపితే పక్కకు ఒరిగిపోతుంది. అందుకే బూమ్‌ను ఖాళీ చతురస్రాల వరుసగా గీసిన బొమ్మను నేను పాఠానికి వాడను.

ఈ సాఫ్ట్‌వేర్‌లో నాకు అన్నిటికన్నా విలువైనది భ్రమణ కేంద్రాన్ని మార్చగలగడం. ఎంచుకున్న వస్తువును మరోసారి క్లిక్ చేస్తే మధ్యలో ఒక ప్లస్ గుర్తు కనిపిస్తుంది. దాన్ని బూమ్ పాదంలోని పిన్ను మీదకు లాగి ఉంచితే, బూమ్ నిజమైన క్రేన్‌లో లేచినట్టే లేస్తుంది, వాలినట్టే వాలుతుంది. వాలేకొద్దీ రేడియస్, అంటే క్రేన్ తిరిగే కేంద్రం నుంచి హుక్కుకు ఉన్న అడ్డ దూరం, పెరిగి ఎత్తదగిన బరువు తగ్గుతుందన్న మాటను మూడు నకళ్లతో చూపించవచ్చు. హుక్కునూ దాని తాడునూ, బూమ్ భాగాలను ఒకటిగా కలిపిన గుంపులో చేర్చకూడదు, ఎందుకంటే బూమ్ ఏ కోణంలో ఉన్నా అవి నిట్టనిలువుగానే వేలాడాలి. ఒక చిక్కు ఉంది: గుంపులో కొత్త భాగం చేర్చితే ఆ కేంద్రం జరిగిపోతుంది. పిన్ను కేంద్రంగా, బూమ్ కన్నా పెద్ద వ్యాసార్ధంతో పారదర్శకమైన వృత్తం గీసి గుంపులో చేర్చినప్పటి నుంచి ఆ బాధ తప్పింది.

స్లింగు (బరువును హుక్కుకు తగిలించే తాడు) కోణం బొమ్మకు నేను ఎక్కువ శ్రద్ధ పెడతాను. పెన్ సాధనంతో గీసేటప్పుడు కంట్రోల్ మీట నొక్కి ఉంచితే గీత 15 డిగ్రీల మెట్లలో మాత్రమే తిరుగుతుంది కనుక 60, 45, 30 డిగ్రీల బొమ్మలు కచ్చితంగా వస్తాయి. రెండు కాళ్ల స్లింగుతో 10 టన్నులు ఎత్తినప్పుడు, నేలకు సమాంతరమైన గీతతో 60 డిగ్రీలుంటే ఒక్కో కాలిపై సుమారు 5.8 టన్నులు, 30 డిగ్రీలకు దిగితే ఒక్కో కాలిపైనా పూర్తి 10 టన్నులు పడతాయి. ఈ రెండు త్రిభుజాలు పక్కపక్కన కనిపిస్తే సూత్రం అవసరం లేకుండానే విషయం అర్థమవుతుంది.

తెలుగు ఒత్తులు సరిగానే వస్తాయి. అయితే ఆ ఫాంటు లేని కంప్యూటరులో రూపం మారుతుంది కాబట్టి, అచ్చుకు ఇచ్చే నకలులో అక్షరాలను పాత్‌లుగా, అంటే మామూలు గీతల ఆకారాలుగా మార్చాలి. బొమ్మను పెద్దది చేసినప్పుడు గీతల మందం కూడా పెరిగి తాడు స్తంభంలా కనిపించకుండా, పై పట్టీలో గీతల మందాన్ని కూడా పెంచే బటన్‌ను ఆపివేయాలి. 0.92 వెర్షన్ అంగుళానికి 90 పిక్సెళ్ల లెక్కను 96కు మార్చింది. అంతకు ముందు గీసిన ఫైళ్లున్నవారు అచ్చుకు పంపే ముందు కొలతలు సరిచూసుకోవాలి. కొలతలతో కూడిన తయారీ డ్రాయింగులకు మాత్రం ఇది చాలదు, వాటికి క్యాడ్ (ఇంజనీరింగ్ డ్రాయింగుల) సాఫ్ట్‌వేరే వాడాలి.