1689 స్కాట్లాండ్: జేమ్స్ పక్షమా, విలియం పక్షమా?

1689 మార్చి 16న స్కాట్లాండ్ రాజెవరో తేల్చడానికి ఎడింబరోలో కూడిన సభలో రెండు ఉత్తరాలు చదివారు. ఇంగ్లండ్ సింహాసనం ఎక్కిన డచ్ పాలకుడు విలియం రాసింది మెత్తగా ఉంది. సింహాసనం వదిలి పారిపోయిన రాజు జేమ్స్ రాసింది బెదిరింపు. సభ విలియం వైపు మొగ్గింది. కొండసీమ (హైలాండ్స్)లోని క్లాన్ (వంశ తెగ) పెద్దకు మాత్రం లెక్క అంత తేలిగ్గా తేలలేదు.

ఖర్చు
జేమ్స్: సొంత మనుషులు, సొంత కత్తులు. ఐర్లాండ్ నుంచి అందిన సాయం సుమారు 300 మంది.
విలియం: జీతమిచ్చే సర్కారు సైన్యం ఉంది.

ప్రమాదం
జేమ్స్: జులై 27న కిల్లీక్రాంకీలో గెలిచారు. విలియం సేనాని మెకే సైనికుల బాయొనెట్‌ను (తుపాకీకి తగిలించే కత్తిని) గొట్టంలోనే దూర్చాలి, దూర్చాక కాల్చలేరు. ఆ తడబాటులోనే కొండవాళ్లు మీదపడ్డారు. కానీ దళపతి డండీ అక్కడే నేలకొరిగాడు. ఆ ఒక్క చావే పోరాటాన్ని దెబ్బతీసిందని నా నమ్మకం.
విలియం: ఆగస్టు 21న డంకెల్డ్‌లో విలియం పక్షపు దళమైన కామెరోనియన్లు ఇంటికప్పు సీసం కరిగించి గుండ్లు పోసుకుని మరీ నిలబడ్డారు. వాళ్ల నాయకుడు క్లెలాండ్ కూడా చనిపోయాడు.

ఎవరికి ఏది?
క్యాంప్‌బెల్ క్లాన్ పెద్ద ఆర్గైల్ ఎర్ల్‌కు విలియమే దిక్కు. 1685లో జేమ్స్ ఏలుబడిలోనే అతని తండ్రి తల తెగింది. కామెరాన్ క్లాన్ పెద్ద లోకీల్‌కు జేమ్సే నయం, ఎందుకంటే ఆర్గైల్ మళ్లీ అధికారంలోకి తిరిగొస్తే తన భూములకే ముప్పు. బిషప్పుల చర్చిని నమ్ముకున్నవాళ్లదీ జేమ్స్ దారే. బిషప్పులు వద్దనే ప్రెస్బిటేరియన్లకు విలియం సరిపోతాడు: జులై 22నే బిషప్పుల పెత్తనం రద్దయింది.