ఫ్లీ దువ్వెన: అవునంటే నమ్ముతాను, కాదంటే నమ్మను

ఈ దువ్వెన గొప్పతనమంతా దాని పళ్ల మధ్య సందులోనే ఉంది. ఆ సందులో పిల్లి వెంట్రుక దూరుతుంది, ఫ్లీ అనే మిన్నల్లి, అంటే ఒంటి మీద చేరి రక్తం తాగే చిన్న గెంతుడు పురుగు, దూరదు. అది వదిలిన నల్లని నలుసు కూడా రాలిన వెంట్రుకల్లో చిక్కుకుని బయటికి వస్తుంది. పిడి రంగు, పొడవు, ప్యాకెట్ మీది బొమ్మ ఎలా ఉన్నాయో కొనేవాళ్లు ఎలాగూ చూసుకుంటారు. రెండు వందల రూపాయలకు లోపే దొరికే వస్తువు గురించి ఇంత పొడవున ఎందుకంటే, అంతకు ఎన్నో రెట్లు పోసి కొన్నవేవీ చెప్పని సంగతి దీనివల్ల తెలిసింది. తర్వాత మరోసారి, చెప్పవలసిన చోట ఇది ఏమీ చెప్పలేదు కూడా. రెండూ రాస్తాను.

మా పిల్లి పేరు జాంగ్రీ. పొట్టి వెంట్రుకల నారింజ రంగు మగపిల్లి, ఆపరేషన్ అయింది. కాకినాడలో రెండో అంతస్తులో ఉంటాం. పశువైద్యుడి దగ్గరికి బుట్టలో వెళ్లడం తప్ప వాడు గడప దాటడు. అటువంటివాడికి తోక మొదట్లో, వెనక తొడల మీద వెంట్రుకలు పలచబడి, చివరికి చర్మం కనిపించసాగింది. పుండు లేదు, గుండ్రని మచ్చ లేదు, వాసన లేదు. గోక్కుంటుంటే ఇంట్లో ఎవరూ చూడలేదు. తింటున్నాడు, ఆడుతున్నాడు, కిటికీలో కూర్చుని పావురాలను తిడుతున్నాడు. జుట్టు మాత్రం పోతోంది.

సలహాలకు కొదవ లేదు. ఒంట్లో వేడి చేసిందని, చేపలు మాన్పించమని మా అత్తయ్య అన్నారు. పెంపుడు జంతువుల దుకాణంలో చేప నూనె, బయోటిన్ మాత్రలు, ఒక షాంపూ అంటగట్టారు. షాంపూ మాట వదిలేయండి, ఆ రోజు మా చేతులకు పడిన గీతలు వెంట్రుకలకన్నా ముందే మానాయి. మరొకరు ఒంటరితనం వల్ల దిగులు పెట్టుకున్నాడని తేల్చి, ప్లగ్గులో పెట్టే పరిమళ యంత్రం కొనిపించారు. మొదట చూపించిన వైద్యశాలలో ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. అది వేశాక జుట్టు చక్కగా వచ్చింది, మందు ప్రభావం తగ్గగానే మళ్లీ పోయింది. మళ్లీ అదే ఇంజెక్షన్ అన్నారు. నా కోపమంతా అక్కడే. స్టెరాయిడ్ దురద ఎందుకు వచ్చినా అణచివేస్తుంది కాబట్టి, అది పనిచేసిందంటే దురద ఉందని మాత్రమే తెలుస్తుంది, ఎందుకుందో తెలియదు. చాలాకాలం పనిచేసే రకం స్టెరాయిడ్ పదేపదే ఇస్తే కొన్ని పిల్లులకు మధుమేహం వచ్చే ప్రమాదం ఉందని తర్వాత చూపించిన డాక్టరమ్మ చెబితేగాని మాకు తెలియలేదు.

ఆమె ముందుగా మందు పేరు ఎత్తలేదు. "దువ్వి చూశారా?" అని అడిగారు. మామూలు దువ్వెనతో రోజూ దువ్వుతామన్నాను. ఆమె సొరుగులోంచి ఈ సన్నపళ్ల దువ్వెన తీశారు. బల్ల మీద తెల్లని టిష్యూ పరిచి, జాంగ్రీని దాని మీద కూర్చోబెట్టి, నడుము నుంచి తోక మొదటి వరకు చర్మానికి ఆనేలా నెమ్మదిగా దువ్వారు. ఒక్క పురుగూ రాలేదు. వచ్చినదల్లా కాసిన్ని వెంట్రుకలు, వాటి మధ్య మిరియాల పొడిలాంటి నలుసులు. నేనైతే మట్టి అనుకుని దులిపేసేదాన్ని. ఆమె ఆ నలుసుల మీద రెండు నీటి చుక్కలు వేసి, "ఒక్క నిమిషం ఆగండి" అన్నారు. నల్లని నలుసుల చుట్టూ టిష్యూ మీద తుప్పురంగు ఎరుపు పాకింది.

అది రక్తం, మా పిల్లిదే. మిన్నల్లి తాగి, అరిగించుకుని, విసర్జించిన రక్తం. మట్టి నలుసైతే తడిసినా నల్లగానే ఉంటుంది, ఎరుపు దిగదు.

మరి పురుగు ఏదీ? మింగేశాడన్నారామె. పిల్లి నాలుక మీద గొంతు వైపుకు వంగిన ముళ్లు ఉంటాయి, దురద పుట్టిన చోట నాకినకొద్దీ అవి వెంట్రుకను తెంపేస్తాయి, అక్కడున్న పురుగును కూడా లాగేస్తాయి. అందుకే అలర్జీ ఉన్న పిల్లి ఒంటి మీద మిన్నల్లి కనిపించడం అరుదు. అలర్జీ అసలు ఆ పురుగు లాలాజలానికి. ఒళ్లంతా పురుగులు పట్టక్కర్లేదు, ఒకటి రెండు కుట్టినా చాలు. పైగా పిల్లులు చాలావరకు చాటుగా, మనం పడుకున్నాక నాక్కుంటాయి. మనకు కనిపించేది జుట్టు పోవడమొక్కటే. అందువల్ల అది రాలుతోందనుకుంటాం, పిల్లే తీసేస్తోందన్న ఆలోచన రాదు.

అంతకుముందు ఒకసారి వాడి తోక కింద ఎండిన బియ్యపు గింజల్లాంటివి అంటుకుని కనిపించాయి. బద్దెపురుగు ముక్కలన్నారు, మందు వేస్తే పోయాయి, అంతటితో ఆ సంగతి మరిచిపోయాం. పిల్లుల్లో మామూలుగా కనిపించే ఆ బద్దెపురుగు, మిన్నల్లిని మింగడం వల్లనే కడుపులోకి చేరుతుందట. సాక్ష్యం వాడి తోక కిందే ఉంది, అడిగినవాళ్లే లేరు.

గడప దాటని పిల్లికి ఇది ఎక్కడిదన్నది మా ఇంట్లో పెద్ద చర్చ అయింది. మెట్ల కింద పడుకునే వీధికుక్కే కారణమని నా అనుమానం. కుక్కల ఒంటి మీద ఎక్కువగా ఉండేదీ పిల్లి మిన్నల్లే. ఆడపురుగు రోజుకు నలభై గుడ్ల దాకా పెడుతుంది, అవి జారి నేల మీద, చాపల్లో, పరుపు అంచుల్లో పడతాయి. వాటిలోంచి వచ్చిన పిల్ల గూడు కట్టుకుని ప్యూపాగా (పెద్ద పురుగుగా మారే ముందు దశ) నెలల తరబడి కదలకుండా ఉండి, వెచ్చదనం, అడుగుల అదురు, మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ తగలగానే బయటికి దూకుతుంది. సముద్రతీరపు ఉక్క దానికి పుట్టిల్లు. పిల్లి మెడ మీద వేసే చుక్కలమందు నెలకొకటి చొప్పున రాసిచ్చారు. కుక్కల కోసం అమ్మే చుక్కలు మాత్రం చవకగా వస్తున్నాయని వేయకండి. వాటిలో కొన్నింటిలో పెర్మెత్రిన్ ఉంటుంది. పిల్లి కాలేయం దాన్ని సరిగా విరగ్గొట్టలేదు, వణుకు, మూర్ఛ వచ్చి ప్రాణమే పోవచ్చు.

దువ్వెనను నేను నిజంగా ప్రేమించింది ఆ నెలల్లోనే. మందు వేసిన తర్వాత కూడా నలుసులు వస్తూనే ఉన్నాయి. ఇంట్లోని గూళ్లలోంచి కొత్త పురుగులు పుడుతున్నాయి కాబట్టి కొన్నాళ్లు అలాగే ఉంటుందని డాక్టరమ్మ ముందే చెప్పారు. దువ్వెన చేతిలో లేకపోతే మందు పనిచేయలేదని అప్పుడే మార్చేసేదాన్ని. వారం వారం టిష్యూ మీద ఎర్రమరకలు పలచబడుతుంటే, జుట్టు ఇంకా రాకపోయినా ఓపిక పట్టగలిగాను. దుప్పట్లు వేడినీళ్లలో ఉతకడం, పరుపు అంచులు వాక్యూమ్ చేయడం మా ఆయన వంతు. ఆ తర్వాత జుట్టు తెల్లని నూగులా మొదలై, నారింజ రంగుకు తిరిగి, పూర్తిగా వచ్చేసింది.

దువ్వేటప్పుడు పక్కన గిన్నెలో సబ్బునీళ్లు పెట్టుకోవాలి. బతికున్న పురుగు చిక్కితే అందులో ముంచాలి. ఉత్త నీళ్లలోంచి గెంతిపోతుంది, సబ్బునీళ్లలో మునిగిపోతుంది. గోళ్లతో నలపాలని చూస్తే మీకే విసుగు పుడుతుంది.

ఇక వస్తువు సంగతి. మొదట కొన్నదానికి ప్లాస్టిక్ పిడి. తరచూ వేడినీళ్లలో కడగడం వల్లనో, జిగురు నాసిరకం కావడం వల్లనో, మధ్యలోని పళ్లు నాలుగు వదులై పక్కకు వంగాయి. పళ్లు వంగితే సందు పెరుగుతుంది, సందు పెరిగితే ఆ దువ్వెనకూ మామూలు దువ్వెనకూ తేడా లేదు. రెండోది పిడి, పళ్లు అన్నీ స్టీలువే, ఇప్పటికీ నిక్షేపంగా ఉంది. కొనేముందు వెలుతురుకు పట్టి పళ్లు సమానంగా ఉన్నాయో లేదో చూడండి.

ఇప్పుడు రెండో కథ. చుక్కలమందు మానకుండా వేస్తూనే ఉన్నాం. ఈసారి జాంగ్రీ పొట్ట కింద, తొడల లోపలి వైపు వెంట్రుకలు పోయి నున్నగా తయారయ్యాయి. దువ్వాను. నలుసు లేదు. మర్నాడూ దువ్వాను, టిష్యూ తెల్లగానే ఉంది. దువ్వెన మాట మీదే ఆగిపోతే, మిన్నల్లి లేదు కాబట్టి ఇది దిగులేనని తేల్చేసేవాళ్లం. పరిమళ యంత్రం మళ్లీ ప్లగ్గులోకి వెళ్లేది.

డాక్టరమ్మ పొట్ట మీది వెంట్రుకలు నాలుగు పీకి మైక్రోస్కోపు కింద పెట్టారు. కొసలు తెగి ఉన్నాయి. కుదురు నుంచి ఊడిన జుట్టుకు కొసలు సన్నగా, మామూలుగా ఉంటాయట. అంటే ఇప్పుడూ నాకుతున్నాడు. అయితే ఎందుకు? వాడు ఇసుకతొట్టి దగ్గరికి మాటిమాటికి వెళ్తున్నాడని మా అమ్మాయి చెప్పింది. మూత్రం పరీక్ష చేస్తే రక్తం కనిపించింది, స్కానింగులో రాళ్లు లేవు. మూత్రాశయంలో వాపు, దాని నొప్పి ఓర్చుకోలేక పొట్టను నాకుతున్నాడు. నొప్పి తగ్గే మందు, తడి తిండి, ఇంకో ఇసుకతొట్టి, ఇంట్లో మూడు చోట్ల నీళ్లగిన్నెలు. దారికి వచ్చాడు. మగపిల్లి మాటిమాటికి ముక్కుతూ మూత్రం రాక ఇబ్బంది పడుతుంటే మాత్రం జుట్టు గురించి ఆలోచించకండి, ఆ గంటలోనే వైద్యుడి దగ్గరికి పరుగెత్తండి. దారి మూసుకుపోతే ప్రాణం మీదికి వస్తుంది.

దిగులు వల్ల జుట్టు తీసేసుకునే పిల్లులు లేవని అనను. కానీ 2006లో అమెరికా పశువైద్య సంఘం పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, మానసిక కారణమని అనుమానించిన 21 పిల్లులను పూర్తిగా పరీక్షిస్తే 16 పిల్లులకు శారీరక కారణమే దొరికింది. మనసొక్కటే కారణమని తేలినవి రెండే. తిండి అలర్జీ కూడా అందులో పెద్ద కారణం. దాన్ని తేల్చాలంటే ఎనిమిది వారాల పాటు, వాడు ఎప్పుడూ తినని మాంసంతోనో, ప్రత్యేకంగా తయారుచేసిన తిండితోనో గడపాలి. మధ్యలో ఎవరూ దొంగచాటుగా చేపముక్క పెట్టకూడదు. అత్తయ్య ఉండగా అది మా ఇంట్లో జరిగే పని కాదు.

అందుకని దువ్వెన గురించి మొదట్లో అందరికీ చెప్పిన పొగడ్తను కాస్త తగ్గించుకున్నాను. ఎర్రమరక వస్తే ఆ మాటకు తిరుగు లేదు. రాకపోతే మిన్నల్లి లేదనైనా కావచ్చు, పిల్లి అంత శుభ్రంగా నాకేసిందనైనా కావచ్చు, అసలు కారణం చర్మం మీద లేకనైనా కావచ్చు. గుండ్రంగా జుట్టు పోయి పొట్టు లేస్తుంటే అసలు దువ్వకండి. అది తామర అయితే బూజు దువ్వెనకు అంటి ఇంకో పిల్లికి పాకుతుంది, మనుషులకూ వస్తుంది. అతినీలలోహిత దీపం కింద ఆకుపచ్చగా మెరిస్తే తామరే కావచ్చు గానీ, మెరవనంత మాత్రాన కాదని చెప్పలేరు. చెవి అంచుల మీద, ముఖం మీద మందంగా పక్కులు కడితే గజ్జి కావచ్చు, అక్కడ ఈ పళ్లు తగిలితే పిల్లి మిమ్మల్ని జన్మలో క్షమించదు. కన్నుకూ చెవికీ మధ్య పలచగా ఉండటం మాత్రం జబ్బు కాదు, పిల్లులన్నింటికీ అంతే. మా పక్కింటావిడ దానికే వైద్యశాలకు పరుగెత్తారు.

మాది ఒక్క పిల్లి, పొట్టి వెంట్రుకలు, ఒళ్లో కూర్చోబెడితే తోక వరకు దువ్వనిస్తాడు. అందువల్ల నాకు ఇది అయిదుకు నాలుగున్నర. పర్షియన్ పిల్లిని పెంచే మా ఆడపడుచుకు ఇదే స్టీలు దువ్వెన కొనిచ్చాను. చిక్కుల్లో ఇరుక్కుని అంగుళం కూడా కదలలేదట. ఆమె ఇచ్చే మార్కు ఒకటి.