మారతహళ్ళి పీహెచ్‌డీ కౌన్సెలింగ్: కాగితాల పనికి సరే, సలహా అంతంతమాత్రం

కంప్యూటర్లు ఏమి చేయగలవో, ఎంత వేగంగా చేయగలవో గణితంతో తేల్చే థియరిటికల్ కంప్యూటర్ సైన్సులో పరిశోధన చేసి అధ్యాపకుడిగా స్థిరపడతానని మా తమ్ముడు ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో చెప్పినప్పుడు, సాఫ్ట్‌వేర్ కొలువులు తప్ప మరొకటి ఎరుగని మా కుటుంబం బెంగళూరు మారతహళ్ళిలోని ఒక విద్యా సలహా సంస్థను ఆశ్రయించింది. పేరు రాయడం లేదు; అలాంటి బోర్డులు అక్కడ చాలానే ఉన్నాయి. పీహెచ్‌డీ ప్యాకేజీకి 25,000 రూపాయలు తీసుకున్నారు.

కాగితాల పనిలో వంక పెట్టడానికి లేదు. ఏ విశ్వవిద్యాలయానికి ఏ తేదీలోగా ఏమేమి పంపాలో పట్టిక వేసి ఇచ్చారు, సిఫారసు లేఖల గురించి ప్రొఫెసర్లకు ఎప్పుడు గుర్తు చేయాలో ఫోన్ చేసి మరీ చెప్పారు. కౌన్సెలర్ తెలుగువారు కావడంతో మా నాన్నగారు కూడా మొహమాటపడకుండా సందేహాలు అడిగారు.

చిక్కంతా అసలు విషయం దగ్గర వచ్చింది. ఇద్దరు ప్రొఫెసర్లతో కలిసి తమ్ముడు రాసిన పరిశోధన పత్రంలో అతని పేరు మూడోది. కౌన్సెలర్ దాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, “మూడో పేరంటే పని తక్కువ చేశాడనుకుంటారండీ, ఈ వరస కనపడకుండా రాద్దాం” అన్నారు. ఈ రంగంలో రచయితల పేర్లు ఇంగ్లీషు అక్షరక్రమంలో వేయడమే ఆనవాయితీ; మా ఇంటిపేరు ‘వై’తో మొదలవుతుంది కనుక బడి హాజరుపట్టీలోనూ అతను చివరివాడే. ఒక సంఖ్య ప్రధాన సంఖ్య అవునో కాదో వేగంగా తేల్చే పద్ధతిని 2002లో ఐఐటీ కాన్పూర్‌లో కనుగొన్న అగ్రవాల్, కయాల్, సక్సేనాల పేర్లు కూడా అదే వరసలో ఉన్నాయి, ఈ రంగంలో పేరున్న గోడెల్ బహుమతి 2006లో ముగ్గురికీ వచ్చింది.

ఎందుకు పరిశోధన చేయదలచాడో దరఖాస్తుతో రాసి పంపే ఆశయ ప్రకటనను (ఎస్‌ఓపీ) దిద్దిన తీరు ఇంకా విచిత్రం. తమ్ముడు తాను నిరూపించిన ఫలితాన్ని వివరించిన పేరా “చదివేవారికి అర్థం కాదు” అంటూ కొట్టేసి, “చిన్ననాటి నుంచే కంప్యూటర్లంటే ప్రాణం” అన్న వాక్యాన్ని మొదట్లో చేర్చారు. చదివేవారు ఆ శాస్త్రంలోనే తలపండినవారు! స్టాక్ (STOC), ఫాక్స్ (FOCS) వంటి పరిశోధన సదస్సులలో పత్రం రావడమే ఇక్కడ పెద్ద గుర్తింపు కాగా, వారు మాత్రం ఒక పత్రికలోని వ్యాసాలను సగటున ఎందరు ఉదహరించారో చెప్పే జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ గురించి అరగంట చెప్పారు.

స్వదేశీ సంస్థలు వారి జాబితాలోనే లేవు. ఊళ్ళోనే ఉన్న ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్), జెస్ట్ అనే ఉమ్మడి ప్రవేశపరీక్ష ద్వారా విద్యార్థులను తీసుకునే చెన్నై తరమణిలోని ఐఎంఎస్‌సీ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యాథమెటికల్ సైన్సెస్), సొంత ప్రవేశపరీక్ష పెట్టే, చెన్నై దగ్గరి సిరుసేరిలోని సీఎంఐ (చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్) గురించి మేమే అడగవలసి వచ్చింది. పరిశోధక విద్యార్థులకు మొదట్లో ఇచ్చే కేంద్ర భృతి జేఆర్‌ఎఫ్ 2023 నుంచి నెలకు 37,000 రూపాయలని, ఆ తర్వాతి ఎస్‌ఆర్‌ఎఫ్ దశలో 42,000 అవుతుందని, పట్టా వచ్చాక కూడా అధ్యాపక ఉద్యోగం దొరికేలోపు చాలామంది పోస్ట్‌డాక్‌లు అనే తాత్కాలిక పరిశోధన కొలువులు ఒకటి రెండు చేస్తారని, అందుకోసం ఊళ్ళూ దేశాలూ మారవలసి రావచ్చని తమ్ముడి ప్రొఫెసరే మా నాన్నగారికి ఓపికగా చెప్పారు. డబ్బు తీసుకున్నవారు చెప్పవలసిన మాటలివి.

ఐదుకు రెండు నక్షత్రాలు ఇస్తున్నాను. కొట్టేసిన పేరాను తమ్ముడు తిరిగి చేర్చి, “ప్రాణం” వాక్యాన్ని తీసేసి పంపాడు. అక్కడే కాగితాల పని మాత్రం విడిగా 8,000కు చేస్తారని తర్వాత తెలిసింది. ముందే తెలిసి ఉంటే నేను అంతవరకే కట్టేదాన్ని.