గుంతల ఫిర్యాదు యాప్‌కి డబ్బు కట్టేముందు ఇది చదవండి

రోడ్డు మీద గుంత గానీ, విరిగిన సైన్‌బోర్డు గానీ కనిపిస్తే ఫొటో తీసి పంపండి చాలు, మీ తరఫున నగర పాలక సంస్థకు ఫిర్యాదు చేసి పని అయ్యేదాకా వెంటపడతాం అని చెప్పే పెయిడ్ యాప్ ఒకటుంది. దానికి ఏడాది సబ్‌స్క్రిప్షన్ కట్టి చేతులు కాల్చుకున్నాను. యాప్ పేరు రాయడం లేదు. రాస్తే ఆ ఒక్కదాన్ని తప్పించుకుని, రేపు ఇదే పద్ధతిలో ఇంకో పేరుతో వచ్చినదానికి కడతారు. పద్ధతి తెలియడం ముఖ్యం.

మా వీధి మలుపులో గుంత మొదట అరచేయంత ఉండేది. పగుల్లోంచి నీళ్లు దిగి అడుగు మట్టి మెత్తబడింది, పైన బండ్లు తొక్కేకొద్దీ తారు కుంగి పెళ్లలుగా లేచింది. నెల తిరిగేసరికి చక్రం సగం దిగే లోతు. ఎండగా ఉన్నప్పుడు కంకర తేలి కనిపిస్తుంది కాబట్టి జనం తప్పించుకుని పోతారు. నీళ్లు నిండితే మాత్రం తడిసిన రోడ్డులాగే ఉంటుంది, కొత్తవాళ్లు నేరుగా దాంట్లోకే దిగుతారు.

ఆ మలుపు దాటగానే కూడలిలో స్టాప్ బోర్డు. ఏ లారీయో వెనక్కి వస్తూ తగిలించినట్టుంది, స్తంభం మెలితిరిగి బోర్డు గోడవైపు చూస్తోంది. పగలు అంత ఇబ్బంది లేదు. చాలా దేశాల్లో ఎనిమిది మూలల ఆకారం స్టాప్ బోర్డుకే ఉంచారు కాబట్టి వీపు చూసినా అదేంటో తెలుస్తుంది. రాత్రి మాత్రం ఉన్నా లేనట్టే. బోర్డు మీది పొర హెడ్‌లైట్ వెలుగును వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది, అందుకే అది మనకు మెరిసినట్టు కనిపిస్తుంది. బోర్డు పక్కకి తిరిగిపోతే ఆ వెలుగు డ్రైవర్ కంటికి చేరదు.

డబ్బు కట్టి, రెండిటికీ ఫొటోలు తీసి పంపాను. నిమిషంలో పెద్ద నంబర్ ఒకటి వచ్చింది, ముందు మూడు అక్షరాలు, వెనక అంకెలు. "మీ ఫిర్యాదు స్వీకరించబడినది". చూడటానికి అచ్చం ప్రభుత్వ భాషే. తొమ్మిదో రోజు ఆకుపచ్చ టిక్కు పడింది, పరిష్కారమైందట. కింద "తర్వాత" అని ఫొటో కూడా పెట్టారు. నున్నటి తారు రోడ్డు, అంచున తెల్ల గీత. మా వీధికి తెల్ల గీత ఎప్పుడూ లేదు. చెప్పులేసుకుని వెళ్లి చూస్తే గుంత గుంతలాగే ఉంది, బోర్డు గోడనే చూస్తోంది.

నగర హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఆ నంబర్ చదివాను. అవతల ఆవిడ రెండుసార్లు చదివించుకుని, "ఇది మా నంబర్ కాదండీ, మావాటికి ముందు అక్షరాలుండవు. మీకెవరిచ్చారు?" అంది. అసలు సంగతి అక్కడ బయటపడింది. ఆ నంబర్ యాప్ వాళ్ల సొంత రిజిస్టర్ నంబర్. నగరం ఎదుట దాని విలువ సున్నా.

ఆవిడ ఓపిగ్గా ఆ ప్రాంతం కింద వెతికింది. యాప్ మెయిల్ ఐడీతో ఒక ఫిర్యాదు దొరికింది, అదీ నగరం వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా నింపే ఫారంలోంచే. నా పేరు, నా ఫోన్ లేవు. మ్యాప్‌లో గుర్తు పక్కన ఉన్న పార్కు మధ్యలో పెట్టారు. సిబ్బంది వెళ్లి చూసి, పచ్చగడ్డిలో గుంత ఏంటని "స్థలంలో సమస్య లేదు" అని రాసి మూసేశారు. వాళ్లని తప్పు పట్టలేను, నేనైనా అదే చేస్తాను.

స్టాప్ బోర్డు సంగతి ఇంకా ఘోరం. గుంతలు పూడ్చే విభాగం వేరు, బోర్డులు చూసే విభాగం వేరు. యాప్ వాళ్లు రెండిటినీ ఒకే ఫిర్యాదులో కుక్కారు, అది గుంతల వాళ్లకు పోయింది, బోర్డు మాట ఎవరికీ చేరలేదు. తొమ్మిది రోజులు పని జరుగుతోందనుకుని నేనూ నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ ఊరుకోవడమే నాకు ఇప్పటికీ బాధ. ఆ కూడలిలో పిల్లలు సైకిళ్ల మీద తిరుగుతారు.

ఈ లోపు ఒక రాత్రి వానలో నా కారే ఆ గుంతలో పడి ముందు రిమ్ సొట్టపోయింది. నగర పాలక సంస్థను నష్టపరిహారం అడిగితే వాళ్ల మొదటి ప్రశ్న: గుంత ఉన్నట్టు మాకు ముందే తెలుసా, చూపించండి. ఇది మా ఊరి మెలిక కాదు. న్యూయార్క్‌లో 1979 నాటి చట్టం ప్రకారం, ఫలానా చోట లోపం ఉందని నగరానికి ముందే రాతపూర్వకంగా అంది, 15 రోజులు దాటినా బాగుచేయకపోతేనే సాధారణంగా దావా నిలుస్తుంది. దానికి విరుగుడుగా 1982లో అక్కడి లాయర్లు ఏకంగా ఒక సంస్థ పెట్టి, మనుషుల్ని వీధులు తిప్పి, పగుళ్లూ గుంతలూ మ్యాపుల మీద గుర్తులు పెట్టించి నగరానికి అందజేశారు. ఇంగ్లండ్‌లోనూ 1980 హైవేస్ చట్టం 58వ సెక్షన్ కింద, లోపం గురించి అధికారులకు తెలుసా, తెలిసే అవకాశం ఉందా అన్నది చూస్తారు. నా దగ్గర ఏముంది? వాళ్లకు తెలియని నంబరూ, ఎవరి రోడ్డో తెలియని ఫొటోనూ. అర్జీ వెనక్కి వచ్చింది.

యాప్‌లో ఇంకో గొప్ప సౌకర్యం కూడా ఉందండోయ్. ఫోన్ జేబులో పెట్టుకుని బండి నడిపితే కుదుపుల్ని బట్టి గుంతల్ని తనే కనిపెట్టి ఫిర్యాదు పెట్టేస్తుందట. నా ఖాతా నుంచి ఒకే స్పీడ్ బ్రేకర్ మీద మూడు ఫిర్యాదులు పెట్టింది. ఆలోచన చెడ్డదేం కాదు. బోస్టన్ నగరం 2012 ప్రాంతంలో ఇలాంటి యాప్‌నే ఉచితంగా ఇచ్చి చూసింది. పెద్ద కుదుపుల్లో చాలావాటికి కారణం రోడ్డు మట్టానికి సరిగా అమరని మ్యాన్‌హోల్ మూతలని తేలింది. అక్కడ వచ్చిన లెక్కల్ని జల్లెడ పట్టే మనుషులున్నారు, ఇక్కడ వచ్చింది వచ్చినట్టు నా ఖాతా నుంచి పోయింది.

అసలు ఈ పనికి డబ్బెందుకు అన్న ప్రశ్న నాకు ముందే రావాల్సింది. 1996లో అమెరికాలోని బాల్టిమోర్ పోలీసులకు వచ్చే అత్యవసరం కాని ఫోన్ల కోసం 311 అనే నంబర్ పెట్టింది, తర్వాత అదే ఇలాంటి నగర ఫిర్యాదులకూ వాడుకలోకి వచ్చింది. బ్రిటన్‌లో 2007 నుంచి ఫిక్స్‌మైస్ట్రీట్ అనే ఉచిత సైట్ గుంత ఫొటోని సంబంధిత కౌన్సిల్‌కి చేరుస్తోంది. నగరానికి నేరుగా చెప్పుకోవడానికి సాధారణంగా ఖర్చేం ఉండదు. మనం కట్టేది మన బద్ధకానికి. నాది అదే.

ఇప్పటికే కట్టినవాళ్లు మొట్టమొదట మీ నంబర్‌ని నగరం వాళ్ల సైట్‌లో గానీ హెల్ప్‌లైన్‌లో గానీ సరిచూసుకోండి. దొరకలేదంటే మీ ఫిర్యాదు ఇంకా పుట్టలేదన్నమాట, ఆ రోజే మళ్లీ నేరుగా పెట్టండి. గుంతకొకటి, బోర్డుకొకటి విడివిడిగా. మ్యాప్ గుర్తుని నమ్ముకోకండి, ఎత్తైన భవనాల మధ్య ఫోన్ చూపించే చోటు చాలా మీటర్లు తేడా రావచ్చు. దగ్గర్లోని కరెంటు స్తంభం మీది నంబర్, ఎదురింటి నంబర్ రాస్తే సిబ్బంది తిన్నగా అక్కడికే వస్తారు. దూరం నుంచి ఒక ఫొటో, దగ్గర్నుంచి ఒక ఫొటో చాలు. లోతు తెలియాలని గుంత పక్కన కూర్చుని తీయకండి, వెనక బండ్లు వస్తుంటాయి. విరిగిన స్టాప్ బోర్డు, మూత లేని మ్యాన్‌హోల్ లాంటివి ఫారాల్లో పెట్టి ఎదురుచూసే విషయాలు కావు, ఫోనే చేయాలి. నేను చేసిన మూడో రోజుకి బోర్డు నిలబడింది. గుంతకి ఐదు వారాలు పట్టింది, వేసిన అతుకు ఎన్నాళ్లుంటుందో చూడాలి.

ఇంకొకటి. యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగిపోదు. ఫోన్‌లో యాప్ స్టోర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి విడిగా రద్దు చేయాలి. అది తెలియక రెండో ఏడాదికి కూడా నా కార్డు నుంచి కోసేశారు. రీఫండ్ అడిగితే "సేవ అందించాం" అని అదే ఆకుపచ్చ టిక్కు స్క్రీన్‌షాట్ పంపారు. నేను తెల్ల గీత ఉన్న ఫొటో, తెల్ల గీత లేని మా వీధి ఫొటో పక్కపక్కన పెట్టి బ్యాంకులో డిస్ప్యూట్ వేశాను. జవాబు ఇంకా రాలేదు.